తన్నకూడని గుమ్మాలు

ఇప్పుడు ఎవరి చేతిలో చూసినా ఫోనే. ఆ రోజుల్లో కంచరపాలెంలో మా వీధి మొత్తానికి ఫోను పట్టుకుని బతికిన మనిషిని నేనొక్కదాన్నే. మా ఇంట్లో ఫోను లేదు. వీధిలో ఎవరింట్లోనూ లేదు. నేను పోర్టు ఆఫీసు ఎక్స్‌ఛేంజిలో టెలిఫోన్ ఆపరేటర్‌ని. చెవులకి హెడ్‌ఫోను తగిలించుకుని, రెండు చేతుల్లో తీగలు పట్టుకుని, ఎదురుగా బోర్డు మీద దీపం వెలిగినచోటల్లా పిన్ను గుచ్చుతూ పూటంతా కూర్చునేదాన్ని. ఆ ఉద్యోగం నాకు పరుగెత్తినందుకు ఇచ్చారు. ఉత్తి పరుగు కాదు, హర్డిల్స్. దారిలో వరసగా పది అడ్డాలు నిలబెడతారు. ఒక్కోదాన్నీ దాటుతూ అందరికంటే ముందు చేరాలి.

ముందే చెప్పేస్తాను, నేను ఛాంపియన్‌ని. పెళ్ళిళ్ళలో మా చుట్టాలు "ఈవిడ ఒకప్పుడు బాగా పరుగెత్తేదట" అని పరిచయం చేస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది. అట ఏమిటి అట? కొన్నేళ్ళపాటు ఈ రాష్ట్రంలో ఆడపిల్లల హర్డిల్స్ అంటే ముందు నేను, నా తర్వాతే ఇంకెవరైనా. రైలెక్కి దేశమంతా తిరిగాను. పక్క గీతలో నేను నిలబడితే బయటి రాష్ట్రాల పిల్లలు మొహం మాడ్చుకునేవాళ్ళు. కప్పులన్నీ బీరువా మీద ఉన్నాయి, అనుమానం ఉన్నవాళ్ళు వచ్చి తుడిచిపెట్టి వెళ్ళొచ్చు. అయితే నన్ను ఛాంపియన్‌ని చేసిన పరుగు ఒకటుంది. ఆ పరుగుని మా నాన్న సగమే చూశాడు. ఆయన బతికున్నన్నాళ్ళూ మిగతా సగం గురించి మా ఇంట్లో గొడవే.

నాన్న పోర్టు వర్క్‌షాపులో వడ్రంగి. సముద్రం మీద ఓడ ఊగినా సరుకు కదలకుండా చెక్కలు అడ్డం పెట్టి బిగించడం ఆయన పని. సెలవు రోజున పెందుర్తి వైపు కొత్తగా లేచే ఇళ్ళకి గుమ్మాలు చేసేవాడు. రెండు పనుల్లోనూ ఆయనకి తెలిసిన న్యాయం ఒకటే. బిగించింది కదలకూడదు. మా ఇంట్లో కుర్చీని పక్కకి జరపాలంటే ఇద్దరు మనుషులు కావాలి.

నేను హైస్కూల్లో ఉండగా మా డ్రిల్లు టీచరు నన్ను హర్డిల్స్‌లో దింపింది. స్కూల్లో ఉన్నవి రెండు, రెండూ విరిగినవే. ఇంటికొచ్చి నాన్నకి కాగితం మీద బొమ్మ గీసి చూపించాను. రెండు నిలువులు, పైన ఒక అడ్డం. ఆయన బొమ్మని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదేటి, సగం గుమ్మం?"

"గుమ్మం కాదు నాన్నా, దీని మీంచి దాటాలి."

"దాటీదే గుమ్మం. నాకు సెప్పకు," అన్నాడు.

ఓడల్లో వాడేసి పారేసిన చెక్క తెచ్చి, చిత్రిక పట్టి, పదీ చేశాడు. ముందుకొక కాలు, వెనక్కొక కాలు, మూలమూలకీ ఇనప పట్టీ. ఆయనతో పనిచేసే ఇంకో వడ్రంగి, నేను మావా అని పిలిచే మనిషి, వచ్చి ఒకదాని మీదెక్కి కూర్చుని కాళ్ళూపాడు. అది చిన్న చప్పుడైనా చేయలేదు.

"బావా, లారీ ఎక్కించినా ఇరగదు. మీ అమ్మి దాటతాదా, కాపరం పెడతాదా దీని మీద?"

"ఓడ మునిగినా ఇది మునగదు బావా," అన్నాడు నాన్న. అంతకంటే పెద్ద మెప్పు ఆయన దగ్గర లేదు.

తర్వాత జరిగింది మాలాంటి ఇంట్లోనే జరుగుతుంది. వడ్రంగి గుమ్మం ఎత్తితే పసుపు రాయకుండా వదలడు. అమ్మ గిన్నెలో పసుపు కలుపుకుని వచ్చింది. పదింటికీ పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. హారతి కూడా ఇచ్చారు. నేను సిగ్గుతో చచ్చిపోతుంటే నాన్న నా భుజం పట్టుకుని ముందుకి నిలబెట్టాడు.

"ఇదిగో, ఇను. గుమ్మం తొక్కకూడదు, తన్నకూడదు. లక్ష్మి కూకుండీ సోటు. కాలు తగిలిందా, ఆగి, ముట్టుకుని కళ్ళకద్దుకో. తెలిసిందా?"

తెలియకేం? మా ఇళ్ళల్లో ఈ మాట పాలతోపాటే తాగిస్తారు. కాలికి పుస్తకం తగిలినా, చాట తగిలినా చెయ్యి దానంతట అదే కళ్ళ దాకా పోతుంది.

పోర్టు క్వార్టర్ల పక్క మైదానంలో నా ప్రాక్టీసు. నాన్న, మావ కలిసి తోపుడు బండి మీద వాటిని పట్టుకొచ్చి దించేవారు. గాలి రేవు వైపు నుంచి వీస్తే ఇనప ఖనిజం ధూళి వచ్చి నేలంతా ఎర్రగా పరుచుకునేది. ఇంటికెళ్ళేసరికి నా కాళ్ళు పారాణి పెట్టినట్టుండేవి. ప్రాక్టీసు లేని రోజుల్లో ఆ పదీ మా పెరట్లో వరసగా నిలబడి ఉండేవి. వీధిలో ఆడవాళ్ళు వాటి మీద చీరలు ఆరేసుకునేవారు. నేను హర్డిల్స్ కోసం వెళ్తే "ఉండవే, అంచు ఇంకా తడిగా ఉంది" అనేవారు. వాళ్ళందరితోనూ నాకు తగువులే.

మొదట్లో ఒకసారి మోకాలు తగిలింది. హర్డిల్ కదల్లేదు, నేనే కదిలాను. మోకాలు తాటికాయంత వాచింది. అంత నొప్పిలోనూ కుంటుకుంటూ వెనక్కి వెళ్ళి, దాన్ని ముట్టుకుని కళ్ళకద్దుకున్నాను. అప్పటినుంచి నా కాలు దానికి జానెడు ఎత్తున పోవడం నేర్చుకుంది. నేను నేర్పలేదు, కాలే నేర్చుకుంది. చూసేవాళ్ళు నోళ్ళు తెరిచేవారు. గాల్లో అలా తేలి, రెండు చేతులూ చాచి, మెల్లగా దిగేదాన్ని. స్కూల్లో, జిల్లాలో గెలిచాను. మిగతా పిల్లలు తట్టుకుని పడి ఏడుస్తుంటే నాకు ఒక్కటీ తగిలేది కాదు. వర్క్‌షాపులో నాన్న టీ తాగినప్పుడల్లా ఒకటే మాట చెప్పుకునేవాడట. "మా అమ్మి ఇంతవరకూ ఒక్క గుమ్మం తన్నలేదు."

రాష్ట్రం పోటీలకి వెళ్ళాక తెలిసింది నా ఎత్తు సంగతి.

అక్కడ నా పక్క గీతలో ఒక గోదావరి పిల్ల. వాళ్ళ నాన్న స్టీల్ ప్లాంటు పనికని కుటుంబంతో సహా వైజాగ్ వచ్చేశాడు. ప్లాంటు ఇంకా సగం పునాదుల్లోనే ఉంది, ఈ పిల్ల మాత్రం అప్పటికే ఉక్కులా తయారైంది. పొడుగు మనిషి, నవ్వు మొహం. తుపాకీ పేలగానే బయల్దేరి, దొరికిన హర్డిల్‌ని దొరికినట్టు తన్నుకుంటూ పోయింది. టప, టప, టప, వెనకాల ఒక్కోటీ పడిపోతున్నాయి. నేను మాత్రం గాల్లో హంసలా తేలుతున్నాను. హంస దిగేసరికి ఆ పిల్ల రిబ్బను తెంపేసింది.

బట్టలు మార్చుకునే గదిలో నా పక్కకొచ్చి కూర్చుంది.

"అంతెత్తు ఎందుకెగురుతావే? పైనేమైనా కాయలున్నాయా?"

నా సంగతి తెలిసిందే కదా, అరికాలి మంట నెత్తికెక్కింది. "నీలాగ సామానంతా కింద పడీసుకుని పోడం నాకు సేతకాదు. మా ఇంట్లో అలగ పెంచలేదు."

"సామాను కింద పడితే పడిందిలే, కప్పు మాత్రం నా చేతిలోనే ఉంది కదండీ," అని, ఆ అండీని సాగదీసి, జడ వెనక్కేసుకుని వెళ్ళిపోయింది.

మరుసటి ఏడూ ఆ పిల్లే మొదట, నేను రెండు. రెండో స్థానానికే నాకు పోర్టులో ఉద్యోగం వచ్చింది. ఆ ఉద్యోగంలో ఎక్స్‌ఛేంజి వాళ్ళందరికీ షిఫ్టులు మారుతుంటాయి, పొద్దున, సాయంత్రం, రాత్రి. నాకు మాత్రం పొద్దున షిఫ్టే ఇచ్చారు, సాయంత్రం మైదానానికి వెళ్ళాలి కాబట్టి. ఆ అనుమతి ఏటేటా ఒక ఆఫీసరు సంతకం పెట్టాలి.

ఆ ఆఫీసరు గొంతు నాకు ముందు తెలుసు, మొహం తర్వాత తెలిసింది. చేరిన కొత్తలో ఒక దీపం వెలిగింది. పిన్ను గుచ్చి "నంబర్ ప్లీజ్" అన్నాను.

"ఎంతసేపు? నిద్రపోతున్నావా అక్కడ?"

"ఇప్పుడే కదండీ వెలిగింది."

"ఎదురు మాట్లాడతావా? ఎవరితో మాట్లాడుతున్నావో తెలుసా?"

"తెలీదండీ. మీకు తెలుసా, ఎవులితో మాటాడతన్నారో?"

"తెలీదు!"

"అయితే మంచిదే," అని తీగ పీకేశాను.

మూడో ఏడు పోటీలకి ముందు అనుమతి కాగితం పట్టుకుని గదిలోకి వెళితే, ఆ గొంతే బల్ల వెనకాల కూర్చుని ఉంది. నా గొంతు వినగానే ఆయనా గుర్తుపట్టాడు. తిట్టలేదు. నవ్వు ఆపుకుంటున్నట్టు కాగితం పక్కన పెట్టాడు.

"రెండుసార్లూ రెండో స్థానమే. మిగతా ఆపరేటర్లు అడుగుతున్నారు, మాకు నైట్ షిఫ్టులేంటి, ఈవిడకి పొద్దునేంటని. వాళ్ళకేం చెప్పను? ఈసారి పోటీలు మన ఊళ్ళోనే. గెలువు, సంతకం పెడతాను. లేకపోతే అందరితోపాటే నువ్వూ."

షిఫ్టులు మారితే ప్రాక్టీసు పోతుంది. ప్రాక్టీసు పోతే ఇంక హర్డిల్స్ అన్న మాట మర్చిపోవాలి. ఆ గదిలోంచి బయటికొచ్చి గోడని ఒక్కటి తన్నాను. గోడ కాబట్టి తన్నగలిగాను.

ఆ రోజుల్లోనే మాకు ఒక సార్ దొరికారు. కృష్ణా జిల్లా మనిషి, ప్లాంటులో ఉద్యోగం, ఒకప్పుడు తనూ పరుగెత్తినవాడు. సాయంత్రాలు ఊరికే మైదానానికొచ్చి పిల్లలకి నేర్పేవారు. మొదటిరోజు నేను పదీ దాటడం చూసి చప్పట్లు కొడతారనుకున్నాను. ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"నువ్వు వీటిని దాటట్లేదమ్మాయ్. దండం పెట్టి పైనుంచి పోతన్నావ్."

"ఒక్కటీ తగల్లేదు సార్!"

"అదేగా నేను చెప్పేది. పైకెగిరినంతసేపూ నువ్వు ముందుకి పోవట్లేదు. తగిలితే తగలనీ, రాసుకుంటూ పో."

అని ఒక హర్డిల్‌ని చేత్తో నెట్టారు. కదల్లేదు. రెండు చేతులతో నెట్టారు. కళ్ళజోడు సర్దుకుని వంగి చూశారు. వెనక్కి పెట్టిన కాలు చూశారు, ఇనప పట్టీలు చూశారు, వెలిసిపోయిన పసుపు చూశారు.

"ఇదేంటిది, గుమ్మమా?"

"మా నాన్న సేసాడు."

"తగిలితే పడిపోవాలి తల్లీ ఇది. పడిపోడానికే చేస్తారు. వెనక్కి, దాటి దిగే వైపు, కాలుండదు, అందుకే తగలగానే ముందుకి ఒరుగుతుంది, పరుగెత్తేవాళ్ళకి దెబ్బ తగలదు." ఇంకోసారి నెట్టి చూసి తల ఊపారు. "ఎంత బాగా చేశాడయ్యా. బాగా చేయడమే నీ కొంప ముంచింది."

నాన్నని అంటే నాకు ఊరుకోవడం రాదు. మా నాన్న చేసింది తప్పంటారేటి, మీరు చేసి తెండి చూద్దాం అని ఏదేదో అరిచేశాను. ఆయన అంతా విని, మర్నాడు ప్లాంటు కాలనీ నుంచి అసలైన హర్డిల్స్ రెండు అడిగి తీసుకొచ్చి నిలబెట్టారు. వేలితో నెడితే పడిపోయాయి.

"తన్ను," అన్నారు.

వెళ్ళాను. నా కాలు జానెడు పైనుంచి పోయింది. మళ్ళీ వెళ్ళాను, మళ్ళీ అంతే. తన్నాలని పళ్ళు బిగించుకుని పోతే కాలు ఇంకా పైకి లేచేది.

"ఇంత కోపం ఉంది కదా నీకు, అది కాళ్ళ దాకా రాదేంటమ్మాయ్?"

కోపంతో అయ్యే పనైతే నేను అప్పటికే ఒలింపిక్స్‌లో ఉండాలి.

చివరికి ఒక సాయంత్రం, అలిసిపోయి ఉన్నప్పుడు, మడమ తగిలింది. టప్పుమని పడింది. నొప్పే లేదు. నేను ఆగిపోయాను. వెనక్కి తిరిగి, వంగి, కింద పడ్డదాన్ని ముట్టుకుని కళ్ళకద్దుకున్నాను. సార్ నెత్తి మీద చెయ్యి పెట్టుకుని నేల మీద కూర్చుండిపోయారు. అప్పుడు తెలిసింది మా ఇద్దరికీ, నా జబ్బు భయం కాదని. తగలడం వస్తుంది నాకు. తగిలాక వదిలి ముందుకి పోవడం రాదు.

ఇంట్లో ఈ సంగతి చెప్పలేదు. ఎలా చెప్తాను? పెరట్లో ఆ పదింటినీ పండక్కి పండక్కి నూనె పెట్టి తుడుచుకునే మనిషికి, ఇవి కదలవు కాబట్టే నేను ఓడిపోతున్నాను నాన్నా అని ఏ నోటితో చెప్పను? నోరు పెద్దదే నాది, ఆ మాటకి మాత్రం సరిపోలేదు.

ఎక్స్‌ఛేంజిలో మా సూపర్వైజరమ్మ ఒకావిడ ఉండేది. జుట్టు నెరిసిన మనిషి, ఎప్పుడూ చేతిలో పెన్సిలు. ఆపరేటరు పనిలో మొదటి నీతి ఏమిటంటే, లైను కలిపాక వినకూడదు. కలిపి, తప్పుకుని, తర్వాత వెలిగిన దీపం చూసుకోవాలి. నాకు ఆ నీతి అబ్బలేదు. ఎవరైనా నన్ను విసుక్కుంటే, వాళ్ళకి లైను కలిపి, అవతలివాళ్ళతో నా గురించి ఏమైనా అంటున్నారేమోనని వింటూ కూర్చునేదాన్ని. ఆ రోజూ అదే పని. బోర్డు మీద దీపాలు వరసగా వెలుగుతున్నాయి. పెన్సిలు వచ్చి నా వేళ్ళ మీద పడింది.

"కలిపీసేవా?"

"కలిపీసేను."

"మరొదిలీ. కలిపీసిందాన్ని పట్టుకుని ఎందుకేలాడతావు? ముందర దీపాలు సూడు. అదిగో, అదిగో. ఎనక్కి సూసుకున్నావంటే ఇయన్నీ తిడతాయి నిన్ను."

ఆవిడకి హర్డిల్స్ అంటే ఏమిటో తెలియదు, నేను స్కిప్పింగ్ ఆడతానని అందరికీ చెప్పేది. కానీ ఆ మాట నాకు పట్టుకుంది. ఆ రోజు నుంచి బోర్డు మీద పందెం వేసుకున్నాను నాతో నేను. కలపడం, వదలడం, తర్వాతది. తిట్టినా సరే, వదలడం. సాయంత్రం మైదానంలోనూ అదే. కాలు తగిలిందా, తగిలింది, తర్వాతది. చెయ్యి కళ్ళ వైపు లేచేది, దాన్ని మళ్ళీ పరుగులోకి లాగేదాన్ని. కొన్నాళ్ళకి చెయ్యి కూడా విసుగెత్తి మానేసింది. సార్ చప్పట్లు కొట్టారు. ఆ ఏడు ఆయన కొట్టినవి అవే.

పోటీల రోజు నాన్న వచ్చాడు. మిగతా ఏళ్ళు రాష్ట్రం పోటీలు వేరే ఊళ్ళల్లో, స్కూలు, జిల్లా పోటీలకేమో ఆయనకి సెలవు దొరకలేదు, అందుకని నా పరుగు ప్రాక్టీసులో తప్ప ఎప్పుడూ చూడలేదు. ఉతికిన చొక్కా వేసుకుని, మావని వెంటబెట్టుకుని, ముందు వరసలో కూర్చున్నాడు. నేను గీత దగ్గర కాళ్ళు సాగదీసుకుంటూ చూస్తున్నాను. హర్డిల్స్ పెట్టడం అయింది. నాన్న లేచాడు. తిన్నగా మైదానంలోకి నడిచొచ్చి, వడ్రంగి ఎక్కడున్నా చేసే పనే చేశాడు. అడ్డచెక్క మీద చెయ్యేసి ఊపి చూశాడు. అది ఊగింది. పక్కదాన్ని ఊపాడు. అదీ ఊగింది. ఆయన మొహం చూడాలి.

టోపీ పెట్టుకున్న ఒక పోటీల పెద్ద పరుగున వచ్చాడు.

"ఏయ్, ఎవరు నువ్వు? బయటికి నడు!"

"బాబూ, ఇయి బిగించలేదు. ఒక్కటీ సరిగ్గా లేదు. పిల్లలు పడిపోతారు. సుత్తుందా? మేకులుంటే ఇయ్యండి, సిటికెలో బిగించీసి ఎల్లిపోతాను."

"సుత్తేంటయ్యా? పిచ్చా?"

నేను గీత వదిలి వెళ్ళిపోయాను. "ఆయన మా నాన్న. ఏయ్ గీయ్ అంటే బాగోదు, సెప్తన్నాను."

"అమ్మీ, నువ్వుండు. ఈ బాబుకి తెలీదు. ఇయన్నీ పడిపోతాయే."

"నాన్నా, నువ్వెల్లి కూకో."

"పడిపోతాయి, నా మాటిను!"

"కూకో నాన్నా!"

మావ వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాడు. "రా బావా, ఊరోల్ల గుమ్మాలు మనకెందుకు." వెళ్తూ వెళ్తూ నాన్న ఇంకోదాన్ని ఊపి చూశాడు. పక్క గీతలో గోదావరి పిల్ల నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వుతోంది.

"మీ నాన్నగారా? బాగున్నారే. మా ఇంటికీ తలుపులు ఊగుతున్నాయి, పంపించు."

"గెలిసాక పంపిస్తాను," అన్నాను.

తుపాకీ పేలింది. మొదటి హర్డిల్ గడ్డి కోసినట్టు దాటాను. రెండోది రాసుకుంటూ పోయాను. మూడోదానికి మడమ గట్టిగా తగిలింది. టప్పుమన్న చప్పుడు నా వెనకాల వినపడింది. స్టాండు వైపు నుంచి ఒక గొంతు, వెయ్యి గొంతుల్లో నేను గుర్తుపట్టే గొంతు, "ఓలమ్మా!" అంది. కుడి చెయ్యి లేవబోయింది. కలిపీసేవా, మరొదిలీ. చేతిని కిందకి లాగాను. ముందర దీపాల్లాగే వరసగా నిలబడి ఉన్నాయి మిగతావి. మధ్యలో మూడే అడుగులు, మళ్ళీ గుమ్మం, మూడే అడుగులు, మళ్ళీ గుమ్మం. ఇంకోటి కూడా పడింది. ఏదో గుర్తులేదు, చూడలేదు. పక్కన ఆ పిల్ల ఊపిరి వినిపిస్తూనే ఉంది, చివరి హర్డిల్ దాకా ఇద్దరం పక్కపక్కనే ఉన్నాం. చివరిదాన్ని నేను తుడుచుకుంటూ దిగాను, ఆ పిల్ల కాస్త పైనుంచి వచ్చింది. అంతే తేడా. రిబ్బను నా గుండెకి తగిలింది.

గోదావరి పిల్ల మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని రొప్పుతూ నా వైపు చూసింది.

"ఏంటే, కాయలన్నీ కోసేసుకున్నావా?"

"పైన లేవు. కిందే ఉన్నాయి, ఏరుకున్నాను."

మా ఇద్దరికీ అక్కడే నవ్వొచ్చింది. తర్వాత చాలా రైళ్ళలో పక్కపక్క బెర్తుల్లో తిరిగాం, ఆ కథ వేరు.

నేను స్టాండు వైపు పరుగెత్తాను. మావ బెంచీ మీదెక్కి తువ్వాలు తిప్పుతున్నాడు. పక్కన చోటు ఖాళీ.

"మా నాన్నేడి?"

"ఎల్లిపోనాడే! ఆ మూడోది పడగానే లేసిపోనాడు. గుమ్మం పడిపోనాక ఇంకేటి సూస్తాం బావా అన్నాడు. ఎంత పిలిసినా ఇనడే!"

గేటు బయట సోడా బండి దగ్గర దొరికాడు. మైదానానికి వీపు పెట్టి నిలబడ్డాడు. చేతిలో సోడా అలాగే ఉంది, తాగలేదు. నా అడుగుల చప్పుడు విని, తిరక్కుండానే అన్నాడు.

"ఏడవకమ్మీ."

"నాన్నా."

"నీ తప్పు కాదు. ఆ సేసినోడు ఎదవ. నాను ముందే సెప్పాను. సుత్తడిగాను, ఇయ్యలేదు. మీయమ్మకి నాను సెప్తాన్లే."

"నాను గెలిసాను నాన్నా."

తిరిగాడు.

"ఏటి?"

"గెలిసాను. ఫస్టు."

"పడిపోనాది కదే?"

"పడితే పడతాది. పడినా ఒప్పుతాది."

"ఎవులు సెప్పారు?"

"అలాగే సేస్తారంట. తగిల్తే పడిపోవాలంట. లేకపోతే మోకాళ్ళు ఇరిగిపోతాయంట."

ఆయన నా మోకాలి వైపు చూశాడు. పాత దెబ్బ తాలూకు మచ్చ ఇంకా అక్కడే ఉంది. నేను దాచిన మాటంతా ఆ మచ్చ దగ్గరే ఆయనకి తెలిసిపోయింది. నేను ఒక్క ముక్క కూడా చెప్పాల్సిన పని లేకపోయింది.

"తన్నీసేవా?" అన్నాడు.

"తన్నీసేను. రెండు."

"కల్లకద్దుకున్నావా?"

"ఎప్పుడద్దుకుంటాను? ఎనకాల ఆ పిల్ల తరుముతుంటే!"

సోడా నా చేతిలో పెట్టి లోపలికి నడిచాడు. నేను వెనకే వెళ్ళాను. ట్రాక్ మీద నేను పడేసిన మూడో హర్డిల్ ఇంకా పడే ఉంది. టోపీ ఆయన "మళ్ళీ వచ్చావా?" అని అరుస్తుంటే పట్టించుకోకుండా వంగి, దాన్ని ముట్టుకుని, నా బదులు తన కళ్ళకద్దుకున్నాడు. తర్వాత లేపి నిలబెట్టాడు. ఒక వేలితో నెట్టాడు, అది ఒరుగుతుంటే పట్టుకున్నాడు. మళ్ళీ నెట్టాడు, పట్టుకున్నాడు. కింద పాదం తిప్పి బరువు ఎక్కడ పెట్టారో చూశాడు.

"ఓహో," అన్నాడు. ఈసారి సుత్తి అడగలేదు.

సోమవారం ఎక్స్‌ఛేంజిలో దీపం వెలిగింది. "నంబర్ ప్లీజ్" అన్నాను.

"నంబరేం వద్దు. సంతకం పెట్టేశాను. ఈసారి మాట్లాడుతుండగా పీకొద్దు."

"థాంక్సండీ," అని, ఆయన పూర్తిచేశాడో లేదో వినకుండా పీకేశాను. ముందర దీపాలున్నాయి మరి.

ఆ వారం సెలవు రోజున నాన్న పెందుర్తి పనికి వెళ్ళలేదు. పొద్దున్నే పెరట్లో రంపం చప్పుడు. వెళ్ళి చూస్తే పదింటినీ పడుకోబెట్టి, వెనక్కి పెట్టిన కాళ్ళు కోసేస్తున్నాడు. ఇనప పట్టీలు ఊడదీసి పక్కన కుప్ప పోశాడు. అమ్మ తడి చీర చేత్తో పట్టుకుని నిలబడిపోయింది.

"గుమ్మం కోసీత్తన్నావేటయ్యా? ఎవులైనా కోస్తారా?"

"గుమ్మం కాదే," అన్నాడు, రంపం ఆపకుండా. "నీ సీర ఇంకెక్కడైనా ఆరీసుకో. ఇక దీని మీదేస్తే పడిపోతాది."

మధ్యాహ్నానికి అన్నీ అయ్యాయి. ఒకదాన్ని నా ముందు నిలబెట్టి, దుమ్ము దులుపుకుని, రెండడుగులు వెనక్కి వేశాడు. పాత పసుపు ఇంకా మూలల్లో ఉంది.

"ఏదీ, తన్ను."

మైదానంలో, అంతమంది ముందు తన్నగలిగాను కానీ, ఆయన కళ్ళెదుట, మా పెరట్లో, నా కాలు లేవలేదు. ఆయనకి అర్థమైంది. ముందు తనే వంగి దాన్ని ముట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. చెప్పు విడిచాడు. తర్వాత, జీవితంలో మొదటిసారి, తను చేసినదాన్ని తనే తన్నాడు. అది మెత్తగా ఒరిగి మట్టిలో పడింది.

"బాగా పడతంది," అన్నాడు, తృప్తిగా. "ఇంక నువ్వు తన్ను."